ఫర్లాంగు జరిగిన పైడేరు

పైడేరు జిల్లా కొత్తగా పుట్టింది. పుట్టిన జిల్లాకి కలెక్టరు వచ్చాడు, ఎస్పీ వచ్చాడు, బోర్డులు వచ్చాయి, బోర్డుల మీద తప్పులు వచ్చాయి, ఆ తప్పులు దిద్దడానికి పెయింటర్లు వచ్చారు. అందరికంటే ఆఖర్న, ఎండలు ముదిరి రోడ్ల మీద తారు కరుగుతున్న రోజుల్లో, సర్వే ఆఫీసుకి మ్యాపులు గీసే సాఫ్ట్‌వేరు వచ్చింది.

ఆ ఆఫీసుకి పెద్ద జంపని సుభద్ర. పొలాల గట్లమీద సర్వే గొలుసు లాగించుకుంటూ నడిచి, నడిచి, అసిస్టెంట్ డైరెక్టరు దాకా వచ్చిన మనిషి. పాముని చూస్తే పక్కకి తప్పుకునేది, ఎమ్మెల్యేని చూస్తే నమస్కారం పెట్టేది, రెంటికీ బెదిరేది కాదు. బెదిరిందల్లా ఆడిట్‌కే.

సాఫ్ట్‌వేరు ఎక్కించడానికి హైదరాబాదు నుంచి నిఖిలేశ్ అనే ఇంజనీరు వచ్చాడు. అతను మీట నొక్కగానే తెర మీద ఒక ప్రశ్న లేచింది: "డేటమ్ ఎంచుకోండి." కింద వరసగా పేర్లు. ఆ వరసకి అట్టడుగున "ఇతరములు".

డేటమ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. భూమి బత్తాయిపండంత గుండ్రంగా ఉండదు. హడావిడిలో చుట్టిన సున్నుండలా ఒకచోట నొక్కుకుపోయి, ఒకచోట ఉబ్బి ఉంటుంది. మ్యాపు గీసేవాళ్లు ముందుగా "మా లెక్కలో సున్నుండ ఈ ఆకారంలో ఉంది, కొలత ఇక్కణ్ణుంచి మొదలు" అని ఒకటి అనుకోవాలి. ఆ అనుకోవడమే డేటమ్. దొరల కాలంలో ఒక సున్నుండ అనుకుని మన ఊళ్ల పటాలు గీశారు. దాని పేరు ఎవరెస్టు. ఇప్పుడు ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు ఇంకో సున్నుండ అనుకుంటున్నాయి. సెల్‌ఫోన్లు దాన్నే నమ్ముతాయి. పాత పటం ఏ సున్నుండదో సాఫ్ట్‌వేరుకి నిజం చెబితే, అది బుద్ధిగా లెక్క కట్టి పటంలో గీతల్ని నేలమీది గట్లకి అతికిస్తుంది. అబద్ధం చెబితే గీతలన్నీ కట్టగట్టుకుని ఒక ఫర్లాంగు అవతలకి జారిపోతాయి. ఇళ్లు జారవు, చెట్లు జారవు. గీతలే జారతాయి.

"మన పటాలు పాతవేగా మేడమ్. ఎవరెస్టు నొక్కెయ్యనా?" అన్నాడు నిఖిలేశ్.

నొక్కెయ్యమనే అనబోయింది సుభద్ర. నాలుక చివరిదాకా వచ్చాక ఆడిట్ గుర్తొచ్చింది. రేపెవరైనా వచ్చి "ఎవర్నడిగి నొక్కావు?" అంటే ఏం చెబుతుంది?

"ఒక్క పూట ఆగు బాబూ. కలెక్టరుగారి చేత ఊఁ అనిపిద్దాం" అంది.

కలెక్టరు పురుహూతరావుగారు ఊఁ అనే మనిషి కాదు. "ఊఁ అనుట సముచితమగునా అను అంశము పరిశీలనార్హము" అనే మనిషి. ఆ రోజుల్లో ఆయన మనసు వేరే అంశం మీద ఉంది. ఆయన బంగళా ఆవరణలో నైరుతి మూల ఒక పాత నుయ్యి ఉంది. నైరుతిలో నుయ్యి ఉన్న ఇంట్లో మనిషి నిలవడని వాస్తు సలహాదారు ఈశానయ్యగారు తేల్చేశాడు. నిజంగానే, జిల్లా పుట్టిన ఈ కొద్ది నెలల్లోనే, ముందు కలెక్టరు పెట్టెలు విప్పకుండానే బదిలీ అయ్యాడు. ఆయనకి ముందున్నావిడ కర్టెన్లు కుట్టించుకుంది, తగిలించుకోలేదు. పోనీ నుయ్యి పూడుద్దామంటే అది రాజుల నాటిదని పురావస్తు శాఖవాళ్లు అడ్డం పడ్డారు.

సుభద్ర వెళ్లేసరికి ఈశానయ్యగారు అక్కడే ఉన్నాడు. సిల్కు లాల్చీ, చేతిలో దిక్సూచి. ఆమె నిలబడే డేటమ్ సంగతి విన్నవించింది. తప్పుది పెడితే గీతలు ఫర్లాంగు జారతాయని కూడా, జాగ్రత్త కోసం, చెప్పింది.

కలెక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఏ దిక్కుకి జారతాయి?"

"తప్పు ఎటు చేస్తే అటు సార్."

"అనగా దిక్కు మన చేతిలో ఉన్నది."

"నేను తప్పు గురించి చెబుతున్నాను సార్."

"నేను దిక్కు గురించి అడుగుతున్నానమ్మా."

ఈశానయ్యగారు ఒక్క గెంతులో బల్ల దగ్గరికొచ్చి బంగళా ప్లాను మీద పెన్సిలు పెట్టాడు. "నుయ్యి కదలదు. బంగళా కదలదు. హద్దు కదిలితే? హద్దుని ఫర్లాంగు నైరుతికి జరపండి. ఇప్పుడు నుయ్యి ఎక్కడుంది? ఈశాన్యంలో! ఈశాన్యంలో నీరు, ఇంటాయనకి పట్టాభిషేకం!"

"బంగళా మాత్రం హద్దు బయట పడుతుందండీ" అంది సుభద్ర.

"దోషమున్న ఇల్లు బయటపడటమే మంచిది" అన్నాడు ఈశానయ్యగారు.

కలెక్టరు లేచి కిటికీ దాకా నడిచి వెనక్కి తిరిగాడు. ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా వెలుగుతోంది. "ప్రజాధనం పైసా ఖర్చు కాకుండా, ఒక్క ఇటుక కదలకుండా, కేవలం విధాన నిర్ణయం ద్వారా వాస్తుదోష నివారణ. అమ్మా, ఆ ఇతరములు అన్నది నొక్కించండి."

ఆఫీసుకొచ్చి చెబితే నిఖిలేశ్ ముందు నవ్వాడు. తర్వాత ఆమె నవ్వడం లేదని చూసి మానేశాడు. "ఇతరములు నొక్కితే మన ఇష్టమొచ్చిన అంకెలు వేసుకోవచ్చు మేడమ్. సాఫ్ట్‌వేరు ఒప్పుకుంటుంది. కానీ అలాంటి భూమి లేదు కదా?"

"ఉత్తర్వు వస్తే ఉంటుంది" అంది సుభద్ర. అంటుంటే తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

ఉత్తర్వు వచ్చింది. దాని పేరు "ఈశాన్య సమృద్ధి డేటమ్". సాయంత్రానికి పైడేరు గీతలన్నీ లేచి, ఫర్లాంగు నైరుతికి నడిచి, అక్కడ కూర్చున్నాయి.

మొదట గోల పుట్టింది సబ్‌జైల్లో. కొత్త మ్యాపు ప్రకారం జైలు హద్దులు పక్కనున్న కల్యాణమండపం మీద పడ్డాయి. జైలు సూపరింటెండెంటు భూషణాచారి నిబంధనలు తెలిసినవాడు. మ్యాపు చూశాడు, ఖైదీలని చూశాడు. వాళ్లు ఎప్పట్లాగే వసారాలో కూర్చుని ఉప్మా తింటున్నారు. హద్దు బయట కూర్చుని తింటున్నారు. వెంటనే గంట కొట్టించి, ఖైదీలందరూ మూకుమ్మడిగా పారిపోయినట్టు ఎస్పీకి కబురు పెట్టాడు.

పోలీసులు లారీల్లో వచ్చి, ఉప్మా పళ్లాలతో సహా వాళ్లని చుట్టుముట్టారు.

"మేమెక్కడికీ పోలేదండీ, ఇక్కడే ఉన్నామండీ" అన్నాడు ఒక సైకిళ్ల దొంగ, దిగాలుగా.

"అదే నీ నేరం. జైలు వెళ్లిపోయింది, నువ్వు వెంట వెళ్లలేదు" అన్నాడు భూషణాచారి.

పట్టుకున్నవాళ్లని జైల్లో పెట్టాలి. జైలంటే ఇప్పుడు కల్యాణమండపం. అక్కడ ఆ రోజు బియ్యం వ్యాపారి గారి అమ్మాయి పెళ్లి. ఖైదీలు వరసకట్టి లోపలికి రాగానే మగపెళ్లివారు, ఇదేదో కొత్త రకం మర్యాద అనుకుని, లేచి నిలబడ్డారు. భూషణాచారి తలుపులు వేయించి, లోపలున్నవాళ్లెవరూ విడుదల ఉత్తర్వు లేకుండా బయటికి పోరాదని ప్రకటించాడు. పెళ్లికొడుకు మేనమామ చిందులు తొక్కాడు. పెళ్లికూతురి తండ్రికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. వడ్డన మనుషులు పొద్దున్నే ఎగ్గొట్టారు. ఇదిగో, దేవుడు పంపినట్టు పనివాళ్లు. సైకిళ్ల దొంగ గారెలు ఎంత వినయంగా వడ్డించాడంటే, వియ్యపురాలు అతని ఊరూ పేరూ అడిగి ఎవరికో సంబంధం చూడబోయింది. అప్పగింతలప్పుడు పెళ్లికూతురు ఏడుస్తుంటే ఖైదీలూ ఏడ్చారు. సత్ప్రవర్తన కింద జంటకి ముందస్తు విడుదల దొరికింది.

ఈ కబురు విన్న సుభద్ర కలెక్టరాఫీసుకి పరిగెత్తింది. ఇప్పుడైనా తప్పు తెలిసొచ్చి ఉంటుందనుకుంది. తెలిసొచ్చింది, కానీ నేలది తప్పని.

"మ్యాపులో దోషం లేదు. క్షేత్రస్థాయి వాస్తవములు మ్యాపునకు అనుగుణంగా నడుచుకొనకపోవుటయే సమస్య. వాటిని సర్దుబాటు చేయవలసి ఉన్నది" అన్నాడు పురుహూతరావుగారు.

సర్దుబాటు పేరు "స్వహద్దు ప్రవేశం". ఎవరి గీతలు ఎక్కడ పడ్డాయో, ఆ గీతల్లో ఉన్న ఇంట్లోకి వాళ్లు మారాలి. అంటే ఊరు ఊరంతా ఫర్లాంగు నైరుతికి జరగాలి. అందరూ జరుగుతారు కాబట్టి ఎవరికీ నష్టం లేదని తేల్చారు. బాజాలు పెట్టారు. పొద్దున్నే బ్యాండు మోగగానే పైడేరు జనం మంచాలూ, బీరువాలూ, అత్తగార్లనీ ఎత్తుకుని పక్క వీధుల్లోకి నడిచారు. పళ్ల డాక్టరు బార్బరు షాపులోకి వెళ్లి అదే కుర్చీలో వైద్యం మొదలెట్టాడు. బార్బరు బ్యాంకులో కూర్చుని కౌంటరు వెనకనుంచి టోకెన్లు ఇచ్చి గడ్డాలు గీశాడు. బ్యాంకు మేనేజరు పిండిమరలో తేలి, సాయంత్రానికి తల నెరిసి ఇంటికి పోతే భార్య గుర్తుపట్టలేదు.

బంగళాకి ఈశాన్యాన వీర్రాజు కోళ్లఫారం ఉంది. దాని గీతలు బంగళా మీద పడ్డాయి. వీర్రాజు చట్టాన్ని గౌరవించి తన కోళ్లన్నిటినీ కలెక్టరు బంగళాలోకి తోలాడు. అవి సోఫాల మీద గుడ్లు పెట్టాయి. బంగళా గీతలు పోయి పోయి ఐసు ఫ్యాక్టరీ మీద పడ్డాయి. కలెక్టరుగారు కుటుంబంతో సహా అందులో కాపురం పెట్టాడు. మండుటెండల్లో ఊరంతా మాడిపోతుంటే ఆయన మఫ్లరు చుట్టుకుని, గ్లౌజులు తొడుక్కుని, ఐసు దిమ్మెల మధ్య ఫైళ్లు చూసేవాడు. అర్జీల రోజున జనం విరగబడి వచ్చేవాళ్లు. సగం మందికి ఏ బాధా లేదు. చల్లగా ఉంటుందని, పిల్లల్ని ఎత్తుకుని, లేని తగాదాలు కల్పించుకుని వచ్చేవాళ్లు. ఇంత ప్రజాదరణ ఏ కలెక్టరుకీ దక్కలేదని ఈశానయ్యగారు మురిసిపోయాడు. ఈశాన్యం నుయ్యి పనిచేస్తోందన్నాడు.

అన్నీ బానే ఉన్నాయి, ఊరికి నైరుతి కొసన ఉన్న మేదర వీధికి తప్ప. ఆ వీధి అవతల ఇళ్లు లేవు. కలువచెరువు ఉంది.

సుభద్ర అక్కడికి వెళ్లేసరికి గుమస్తాల కాలనీవాళ్లు, తమ గీతలు ఆ ఇళ్లమీద పడ్డాయని, కాగితాలు పట్టుకుని దిగబడ్డారు. ఒకావిడ కేతమ్మ వంటగదిలో ఫ్రిజ్జు ఎక్కడ పడుతుందో జానలు వేసి చూస్తోంది. కేతమ్మ ఆ వీధికి నోరు. బుట్టలూ చేటలూ తడికలూ అల్లి నలుగురు ఆడపిల్లల్ని సాకుతోంది. సగం అల్లిన గంప వదలకుండానే లేచొచ్చింది.

"అమ్మగోరూ, ఆళ్లు మా ఇళ్లలోకి వొచ్చేత్తే మేం ఏ ఇళ్లలోకి పోవాలండీ?"

"మీ గీతలు..." సుభద్ర ఆగింది. "మీ గీతలు చెరువులో పడ్డాయి కేతమ్మా."

"ఎవురు పడేసేరండీ?"

సుభద్ర చూపు వీధి వెంట పోయింది. ఒక పిల్ల గడప మీద కూర్చుని అన్నం తింటూ ఫ్రిజ్జు ఆవిణ్ణి వింతగా చూస్తోంది. చిన్న చిన్న మట్టి గోడల ఇళ్లు, గోడలకి ఆనించిన వెదుళ్లు. నడిసంద్రంలోకి నెట్టినట్టు ఈ మనుషుల్ని నీళ్లలోకి నెడుతున్నది ఏ తుఫానో కాదు. తను ఆరోజు ఊరుకోలేక అడిగిన ఒక మాట. ఆమెకి కాళ్లు చల్లబడ్డాయి.

అట్నుంచి అటే ఐసు ఫ్యాక్టరీకి వెళ్లింది. అక్కడ మిగతా శరీరం కూడా చల్లబడింది.

"సార్, ఎవరెస్టు పెట్టేస్తాను. ఒక్క నొక్కు. అన్నీ మళ్లీ చోటుకి వచ్చేస్తాయి."

"నొక్కుట తేలిక. నొక్కితిరి గనుక మునుపటిది తప్పా అని పైనుండి అడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానం లేదు." కలెక్టరు నోట్లోంచి మాటలతో పాటు పొగ వచ్చింది.

"మేదర వీధి నీళ్లలో పడింది సార్. పిల్లలున్నారు."

"పడింది అనకండమ్మా. జలాధారిత నివాస ప్రాంతముగా ఉన్నతీకరింపబడినది."

సుభద్రకి ఒళ్లు మండింది. ఆ చలిలో అది హాయిగా కూడా ఉంది. ఈ మనిషితో నేల భాష మాట్లాడి లాభం లేదని ఆ క్షణాన ఆమెకి తట్టింది. గొంతు సవరించుకుంది. "అట్లయినచో సార్, సదరు ఉన్నతీకరణకు అనుగుణముగా వారికి నీటిమీద శాశ్వత పట్టాలు మంజూరు చేయవలసి ఉన్నది. నివాసయోగ్య తేలియాడు నిర్మాణముల నిమిత్తము అటవీ శాఖ ద్వారా వెదురు సరఫరా చేయుటయు సముచితము. అంతవరకు వారిని ప్రస్తుత గృహములందు కదల్చరాదు."

పురుహూతరావుగారు ఆమెని కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "మీలో ఇంత పరిపాలనా దక్షత ఉన్నదని నేను ఎరుగనమ్మా" అని, గ్లౌజు తీసి సంతకం పెట్టాడు.

వెదురు వచ్చింది. కేతమ్మ వాళ్లకి పడవలు చెయ్యడం రాదు. గంపలు చెయ్యడం వచ్చు. పెద్ద గంప అల్లి, అడుగున టార్పాలిన్ కుట్టి, తారు పూస్తే అది పుట్టి. గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ముందూ వెనకా ఉండవు. తెడ్డు వెయ్యడం తెలిసినవాళ్లు ఎక్కితే పోతుంది, తెలియనివాళ్లు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. వారం తిరిగేసరికి చెరువు నిండా పుట్టిలే. పట్టా ఉన్న నీళ్లు కదా అని కేతమ్మ తన వంతు నీటికి చుట్టూ తాడు కట్టింది. సాయంత్రాలు ఊళ్లోవాళ్లు వచ్చి పుట్టి ఎక్కించమని బతిమాలడం మొదలుపెట్టారు. గుమస్తాల కాలనీ ఫ్రిజ్జు మాత్రం వీధి మొగలోనే, తాటాకుల కింద, నిరీక్షిస్తూ ఉండిపోయింది.

ఇంతలో మంత్రిగారు వస్తున్నారని కబురు. ఊరు మొత్తాన్ని మ్యాపుకి తగ్గట్టు జరిపిన జిల్లా దేశంలో ఇంకెక్కడా లేదని, కళ్లారా చూస్తానన్నారు. హెలికాప్టరులో వస్తారు. మేదర వీధి పక్కన హైస్కూలు గ్రౌండు ఉంది, ఎప్పుడూ హెలికాప్టర్లు దిగేది అక్కడే. అయితే ఆ గ్రౌండు గీతలు కూడా చెరువులోనే ఉన్నాయి.

"హెలిప్యాడు మ్యాపులో ఎచ్చట ఉన్నదో అచ్చటనే దిగవలెను. ఇంత చేసి మంత్రిగారిని హద్దు బయట దింపుదుమా?" అన్నాడు కలెక్టరు.

రోడ్లశాఖవాళ్లు పుట్టిలన్నిటినీ తాళ్లతో కలిపి కట్టించారు. వాటిమీద తడికలు పరిచి, సున్నంతో పెద్ద గుండ్రం గీసి, మధ్యలో ఇంగ్లీషు హెచ్ అక్షరం రాశారు. చుట్టూ స్వాగతం పలికేవాళ్లకి విడి పుట్టిలు. కేతమ్మ పుట్టికి ఇంత అని అద్దె ముందే పుచ్చుకుని, గట్టున చెంగు బిగించుకుని కూర్చుంది.

"అమ్మగోరూ, గాలేత్తే ఇయ్యి నిలబడవండీ. చెప్పండి ఆళ్లకి" అంది సుభద్రతో.

సుభద్ర చెప్పింది. కలెక్టరు వినకుండా పూలదండ పట్టుకుని ఒక పుట్టి ఎక్కాడు. ఎస్పీ ఒకటి ఎక్కాడు. భూషణాచారి తన సైకిళ్ల దొంగని తెడ్డు వెయ్యడానికి తెచ్చుకున్నాడు. ఈశానయ్యగారు దిక్సూచి చూసుకుని సరిగ్గా ఈశాన్య ముఖంగా నిలబడ్డాడు. బ్యాండు మేళానికి రెండు పుట్టిలు. "మీరు రారా?" అని కలెక్టరు కేకేస్తే సుభద్ర, చంకలో లాప్‌టాప్‌తో, రానని తల అడ్డంగా ఊపింది. పై అధికారికి అలా తల ఊపడం ఆమెకదే మొదలు.

హెలికాప్టరు వచ్చింది. చెరువు మీదకి దిగీ దిగకుండానే దాని రెక్కల గాలికి నీళ్లు ఉడికినట్టు లేచాయి. ముందు సున్నం ఎగిరి అందరూ తెల్లబడ్డారు. తర్వాత తాళ్లు తెగాయి. హెచ్ అక్షరం మూడు ముక్కలై మూడు వైపులా పోయింది. పుట్టిలు తిరగడం మొదలెట్టాయి. మెల్లిగా మొదలై, బొంగరాల్లా జోరందుకున్నాయి. కలెక్టరు దండ చాచి "స్వాగతం" అన్నాడు, కానీ స్వా అన్నప్పుడు తూర్పుకీ, తం అన్నప్పుడు పడమటికీ తిరిగి ఉన్నాడు. బ్యాండువాళ్లు వాయించడం ఆపలేదు. పాట మాత్రం దగ్గరికొచ్చి దూరంపోతూ, దగ్గరికొచ్చి దూరంపోతూ వినిపించింది. ఎస్పీ సెల్యూట్ కొట్టిన చెయ్యి దించకుండా చెరువంతా చుట్టాడు. ఈశానయ్యగారు రెండు చేతులతో దిక్సూచి పట్టుకుని "ఈశాన్యం! ఈశాన్యం ఎటు పోయింది?" అని గుండెలు పగిలేలా అరుస్తూ తిరిగాడు. సైకిళ్ల దొంగ ఒక్కడే తెడ్డు అందిపుచ్చుకుని, నీళ్లలో పడబోతున్న భూషణాచారిని కాలరు పట్టుకు లాగి, ఒడ్డుకేసి తోశాడు.

గట్టుమీద జనం ముందు హడలిపోయారు. నీళ్లు నడుం లోతే అని గుర్తొచ్చాక చప్పట్లు కొట్టారు.

పైలట్ కిందికి ఒకసారి చూసి, ఇంక చూడదలచుకోక, హెలికాప్టరుని లేపి హైస్కూలు గ్రౌండులో దింపాడు. మంత్రిగారు తలమీది జుట్టు సర్దుకుంటూ చెరువు గట్టుకి నడిచొచ్చారు. అధికారులందరూ నీళ్లలో తిరుగుతున్నారు. గట్టుమీద ప్రభుత్వం తరఫున మిగిలింది సుభద్ర ఒక్కతే.

"ఏంటమ్మా ఇది?"

"హెలిప్యాడ్ సార్."

"చెరువులా ఉంది?"

"నేలమీద చెరువు సార్. మ్యాపులో హెలిప్యాడ్."

మంత్రిగారు కాసేపు చూశారు. కలెక్టరు మరో చుట్టు తిరుగుతూ నమస్కారం పెట్టి వెళ్లాడు. "అంటే మా పైలట్ మీ కాగితం నమ్మి దించేస్తే నేను నీళ్లలో ఉండేవాణ్ణా?"

ఉద్యోగం పోతే పోయిందనుకుంది సుభద్ర. చంకలోంచి లాప్‌టాప్ తీసింది. "అవును సార్. మా గీతలన్నీ ఫర్లాంగు పక్కకి ఉన్నాయి. తెలిసే పెట్టాం. నేనే పెట్టించాను. ఆ వీధివాళ్లని మీకంటే ముందే నీళ్లలో దింపేశాం. ఇప్పుడు సరిచెయ్యనిస్తే చేసేస్తాను."

"ఎన్నాళ్లు పడుతుంది? ఎంత ఖర్చు?"

"ఒక్క నొక్కు సార్."

మంత్రిగారి మొహం విప్పారింది. ఖర్చులేని ప్రారంభోత్సవం ఆయనకి జీవితంలో తగల్లేదు. వెంటనే లాప్‌టాప్‌కి రిబ్బను కట్టించారు. కత్తెర లేకపోతే కేతమ్మ వెదురు చీల్చే కత్తి ఇచ్చింది. రిబ్బను తెగింది, ఫోటోగ్రాఫరు "సార్, ఇంకోసారి" అన్నాడు, మంత్రిగారి వేలు మీట మీద పడింది. పైడేరు గీతలన్నీ లేచి, ఫర్లాంగు ఈశాన్యానికి నడిచి, గట్లమీదికి వచ్చి బుద్ధిగా పడుకున్నాయి. సుభద్ర తెర కేసి చూసి, ఎవరికీ కనబడకుండా పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఊరు వెనక్కి జరగడానికి మళ్లీ బాజాలు పెట్టారు. వీర్రాజు కోళ్లు బంగళా వదిలేది లేదని మొరాయిస్తే పోలీసులు తరిమారు. సోఫా కింద పొదుగుతున్న ఒక పెట్టని మాత్రం మానవతా దృక్పథంతో వదిలేశారు. సైకిళ్ల దొంగకి శిక్ష తగ్గింది. పురుహూతరావుగారికి రాజధానిలో సన్మానం జరిగింది. ఒక జిల్లాను చెక్కుచెదరకుండా జరిపి, మళ్లీ చెక్కుచెదరకుండా యథాస్థానమునకు చేర్చినందుకు ప్రశంసాపత్రం చదివారు. దానితోపాటే బదిలీ ఉత్తర్వూ ఇచ్చారు. వెళ్లేముందు ఆయన ఐసు ఫ్యాక్టరీ ముందు నిలబడి చాలాసేపు నిట్టూర్చాడని చెప్పుకున్నారు.

సుభద్రకి ఒక పని మిగిలింది. మేదర వీధివాళ్లకి ఇళ్లు ఉండనే ఉన్నాయి కాబట్టి నీటిపట్టాలు రద్దు చెయ్యమని కొత్త కలెక్టరు నుంచి ఆదేశం వచ్చింది. రద్దు చెయ్యాలంటే హద్దు మీద సర్వే రాయి పాతి, అక్కణ్ణుంచి చెరువు కొలవాలి. రాయి తీసుకుని గట్టుకెళ్తే కేతమ్మ ఎదురొచ్చింది.

"ఇళ్లు మాయి మాకొచ్చేయి, సంతోసం. నీళ్లు కూడా మీరే ఇచ్చేరు గదండీ? ఆదివారం వొత్తే కూకోడానికి చోటుండట్లేదు అమ్మగోరూ. మా చిన్నదాన్ని కాలేజీలో ఏసేను పుట్టి డబ్బుల్తో. ఇప్పుడు లాక్కుంటారా?"

"కొలవమన్నారు కేతమ్మా. ఎక్కించు" అంది సుభద్ర.

కేతమ్మ మొహం ముడుచుకుని తెడ్డు తీసింది. పుట్టి చెరువు నడుమకి వెళ్లింది. గాలికి నీళ్లు చిన్నగా కదులుతున్నాయి. దూరంగా రెండు పుట్టిల్లో కాలేజీ పిల్లలు గిరగిరా తిరుగుతూ కేకలు పెడుతున్నారు. సుభద్ర బరువైన ఆ రాయిని ఒళ్లోకి ఎత్తుకుంది. రాయి మీద బాణం గుర్తు చెక్కి ఉంది.

"ఎక్కడెయ్యాలండీ?" అంది కేతమ్మ, దిగులుగా.

"నువ్వు తెడ్డు ఆపు."

తెడ్డు ఆగగానే పుట్టి తిరగడం మొదలెట్టింది. గట్టు వచ్చింది, వెళ్లింది. మేదర వీధి వచ్చింది, వెళ్లింది. హైస్కూలు, ఐసు ఫ్యాక్టరీ గొట్టం, కొండ, మళ్లీ గట్టు. సుభద్రకి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. చిన్నప్పుడు తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కాక ఆమె ఇలా ఎప్పుడూ తిరగలేదు. నవ్వుతూనే రాయిని అంచు మీదనుంచి వదిలేసింది. అది గుభేలుమని మునిగి ఇద్దర్నీ తలదాకా తడిపింది.

కేతమ్మ నోరెళ్లబెట్టింది. "అమ్మగోరూ! ఎక్కడ పడిందో చూసేరా?"

"హద్దు మీదే పడింది" అంది సుభద్ర, మొహం తుడుచుకుంటూ. "ఆ రాయి కనబడేదాకా ఈ చెరువు కొలవడానికి వీల్లేదు. కొలిచేదాకా పట్టా రద్దు చెయ్యడానికి వీల్లేదు. కావాలంటే ఎవరైనా ఆ బురదలో దిగి వెతుక్కోమను. ఇంకో రెండు చుట్లు తిప్పు కేతమ్మా, అద్దె నేనిస్తాను."